గీతల మేడం, నెమ్మది డిస్కు

ముందు వినిపించేది ఆ చప్పుడే. మెట్లెక్కి పై అంతస్తు వరండాలోకి తిరగగానే, తలుపు ఇంకా కనపడకముందే, ఎండుటాకుల మీద ఏదో చిన్న ప్రాణి ఆగి ఆగి నడుస్తున్నట్టు కిర్... కిర్ర్... టక్. కాసేపు ఏమీ ఉండదు. మళ్ళీ కిర్ర్. కొత్తగా వచ్చినవాళ్ళు ఎలుక అనుకుంటారు. పక్కవాటా పెద్దాయన మాత్రం దాన్ని బట్టి తన పొద్దు లెక్క వేసుకునేవాడు. మేడంగారి మిషను లేచింది, ఇంక మనమూ లేవాలి అని దుప్పటి తీసేవాడు.

ఆ తరవాత కనిపించేది ఆమె. కిటికీ వారగా వేసిన బల్ల ముందు, లాప్‌టాప్ వైపు కాకుండా బయటికి చూస్తూ, చెవికి ఫోన్ ఆనించుకుని.

వీధిలో అందరికీ ఆమె గీతల మేడం. ఇళ్ళ ప్లాన్లు గీస్తుంది. ఇంజనీరు ఒక కాగితం మీద నాలుగు పిచ్చిగీతలు గీసి ఇస్తే, వాటిని గోడలుగా, గుమ్మాలుగా, మెట్లుగా, నీళ్ళు పోయే గొట్టాలుగా మార్చి ఇవ్వడం ఆమె పని. వయసులో ఉన్నప్పుడు పెద్ద చెక్క బోర్డు మీద పెన్సిల్‌తో గీసేది. తరవాత కంప్యూటరు వచ్చింది, బోర్డు మంచం కిందికి పోయింది. చేతికి మాత్రం పాత భయం పోలేదు. గీత మధ్యలో ఎవరైనా పలకరిస్తే ఇప్పటికీ ఉలిక్కిపడుతుంది, తెర మీది గీత ఉలికిపాటుకి వంకరపోదని తెలిసినా.

పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళకి కొలతలు కుదరలేదని చెప్పేది. వాళ్ళు నవ్వేవాళ్ళు. ఆ నవ్వులో రెండో ప్రశ్న మునిగిపోయేది. ఎన్నో కుటుంబాలకు పడకగదులూ వంటిళ్ళూ అమర్చిన మనిషి, తను ఉండేది మాత్రం ఒక గదీ, దానికి తోకలా అంటుకున్న వంటిల్లూ ఉన్న అద్దె వాటాలో. ఒంటరితనం ఆమెకు అలవాటైపోయిందని అంటారు చూసినవాళ్ళు. అలవాటైందో లేదో గానీ, అందులో ఏది ఎక్కడుంటుందో ఆమెకు తెలుసు, చీకట్లో తడుముకోకుండా స్విచ్చు వేసినట్టు.

లాప్‌టాప్ పాతది. అందులో తిరిగే హార్డ్‌డిస్కు ఇంకా పాతది. పొద్దున మూత తెరిచి మీట నొక్కితే, అది గొంతు సవరించుకుని, ఒళ్ళు విరుచుకుని, ఎక్కడ ఆపానో గుర్తు చేసుకుంటున్నట్టు చాలాసేపు తనలో తను గొణుక్కునేది. తరవాత ప్లాన్లు గీసే ప్రోగ్రాం తెరవాలి. అదొక నిరీక్షణ. ఆ తరవాత ఫైలు. పెద్ద భవనమైతే గోడలు ఒకటొకటిగా తెర మీదికి వచ్చేవి, పెళ్ళివారు బస్సు దిగుతున్నట్టు.

ఆ ఖాళీల్లోనే ఆమె చెల్లెలికి ఫోన్ చేసేది.

చెల్లెలిని ఇంట్లో పిట్ట అనేవాళ్ళు. చిన్నప్పుడు నోరు మూసేది కాదు కనక. ఇప్పుడు వేరే ఊళ్ళో ఉంటుంది. భర్త లారీ ఆఫీసులో పని, కొడుకు హాస్టల్లో. పొద్దున్న ఈ మిషను గొణుక్కునే వేళకు ఆ ఇంట్లో మగమనిషి పనికి వెళ్ళిపోయి, వంటిల్లు ఒక్కటే మెలకువగా ఉండేది.

"ఏం చేస్తున్నావే?"

"బెండకాయలు తరుగుతున్నా. నీ సిస్టం ఇంకా తెరుచుకోలేదా?"

"వస్తోంది. దానికి తొందరేముంది, దాని సొమ్మేం పోయింది."

అంతే వాళ్ళ మాటలు. పిట్ట మోకాలి నొప్పి, ఎదురింటి పిల్లి వచ్చి గడప మీద పడుకోవడం, ఇంజనీరు కొత్త కళ్ళజోడులో గుడ్లగూబలా ఉన్నాడన్న కబురు. నవ్వుకునేలోగా తెర మీద గోడలు లేచి నిలబడేవి. "తెరుచుకుందే, ఉంటాను" అనేది అక్క. "సరే అక్కా" అనేది చెల్లెలు. ఎవరినీ ఎవరూ వదిలిపెట్టినట్టు ఉండేది కాదు. మిషను పిలిచింది, వెళ్ళాలి. ఇంటికొచ్చిన చుట్టం లేచి వెళ్ళడానికి బస్సు టైము అక్కరకొచ్చినట్టు, వాళ్ళిద్దరికీ ఆ డిస్కు అక్కరకొచ్చింది.

అలా ఏదో ఒకటి వచ్చి తెంపకపోతే వాళ్ళ మాటలు ఎప్పుడూ ఒకేచోటికి వెళ్ళి తగలడేవి. వంటింటి కిటికీ దగ్గరికి.

పిట్ట ఇల్లు కట్టుకున్నప్పుడు ప్లాను అక్కే గీసింది. అన్ని ఇళ్ళకూ చేతితో గీసింది, ఆ ఒక్క ఇంటికి మాత్రం ఒళ్ళంతా పెట్టి గీసింది. పొయ్యి ఎదురుగా పెద్ద కిటికీ పెట్టింది. చెల్లెలు కూర కలుపుతూ తలెత్తితే పక్కింటివాళ్ళ చెట్టు కనపడాలని. ఇల్లు పూర్తయ్యాక చూడటానికి వెళ్తే కిటికీ లేదు. అక్కడ గోడ ఉంది, గోడకి డబ్బాలు పెట్టుకునే అరలు ఉన్నాయి. సామాన్లకు చోటు చాలడం లేదని మరిదిగారు మేస్త్రీతో చెప్పి మూయించేశాడు. పిట్ట కూడా, అరలు సౌకర్యంగానే ఉన్నాయిలే అక్కా, అంది. ఆమె మంచినీళ్ళు తాగి వచ్చేసింది. ఆ తరవాత ఎప్పుడు తీరిగ్గా మాట్లాడుకున్నా, ముందు కూరలు, తరవాత రోగాలు, ఆ తరవాత కిటికీ. నీకు నా ఇంటికన్నా నీ గీతే ఎక్కువ అని ఒకరు, నా గీత మీద గోడ కట్టించావని ఒకరు. నెలల తరబడి మౌనం. ఈ నిదానపు డిస్కు పుణ్యమా అని, కిటికీ దాకా వెళ్ళకుండానే రోజూ మాట్లాడుకోవడం కుదిరింది.

పిట్ట మాత్రం తనంతట తను ఎప్పుడూ ఫోన్ చేసేది కాదు. బోర్డు రోజుల్లో ఒకసారి చేస్తే అక్క కసురుకుంది, గీత పాడైందని. అప్పటినుంచి అదొక కట్టుబాటైపోయింది. అక్క చేస్తుంది, చెల్లెలు ఎత్తుతుంది.

ఇలా ఉండగా ఒకరోజు ఇంజనీరు స్వయంగా వచ్చాడు. అపార్ట్‌మెంట్ ప్లాన్‌లో ఒక మెట్ల వరస మార్చాలి, ఇప్పటికిప్పుడు చూపించమన్నాడు. ఆమె ఫైలు తెరవబోయింది. అతను కూర్చున్నాడు. నీళ్ళు తాగాడు. కళ్ళజోడు తుడుచుకున్నాడు. గోడ మీది బల్లిని కాసేపు చూశాడు. ఫైలు సగం గోడల దగ్గర ఆగి కిర్రుమంది.

"మేడం, మీ చెయ్యి నాకు కావాలి. కానీ మీ మిషను ముందు కూర్చుంటే నాకు గడ్డం పెరిగిపోతోంది" అన్నాడు.

నవ్వుతూనే అన్నాడు. కానీ మెట్లు దిగేముందు నవ్వకుండా కూడా చెప్పాడు. ఇకమీద కొనేవాళ్ళు ఎదురుగా కూర్చుని, ఈ గోడ జరపండి ఆ గుమ్మం మార్చండి అంటారు, అప్పటికప్పుడు జరిపి చూపించాలి. డిస్కు మార్పించుకుంటే సరి. లేకపోతే పని వేరే ఆఫీసుకు ఇవ్వక తప్పదు, ఏమీ అనుకోవద్దు అన్నాడు. అతనొక్కడే ఆమెకు పని ఇచ్చేవాడు. అనుకోవడానికేముంది.

రిపేరు షాపు సందు చివర ఉంది. బల్ల నిండా మూతలు ఊడదీసిన లాప్‌టాపులు, సీసామూతల్లో మరలు, మధ్యలో చల్లారిపోయిన టీ. షాపతను ఆమె మిషను వెనక్కి తిప్పి విప్పి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. మిషను మంచిదే, డిస్కు అలిసిపోయిందన్నాడు. లోపల పళ్ళెం తిరగాలి, దాని మీద సూది వెతుక్కోవాలి, ఆ వెతుకులాటే ఈ చప్పుడు అని చెప్పాడు. గాజు అర మీద రెండు పెట్టి చూపించాడు. ఒకటి ఇలాంటిదే, తిరిగేదే, కాకపోతే కాస్త చురుగ్గా తిరిగేది. రెండోది పల్చగా, బిస్కెట్టు పొట్లంలా తేలిగ్గా ఉంది. ఎస్ఎస్‌డీ. అందులో తిరిగేదేమీ ఉండదు, చప్పుడుండదు, వెతుకులాట ఉండదు.

ఆమె రెంటినీ చేతిలోకి తీసుకుని చూసింది. "ఇది పెడితే ఎంతసేపట్లో తెరుచుకుంటుంది?" అని పల్చటిదాన్ని చూపించి అడిగింది.

"మీరు కుర్చీ లాక్కునేలోగా."

"ఈ తిరిగేది?"

"అది కాస్త టైం తీసుకుంటుంది మేడం. ఇప్పటికన్నా నయమే అనుకోండి."

"కాస్తంటే? ఒక ఫోన్ మాట్లాడుకునేంత?"

అతను చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. "నా సర్వీసులో అందరూ స్పీడు కోసమే బేరమాడారు మేడం. నిదానం కోసం బేరమాడింది మీరొక్కరే" అన్నాడు.

ఆమె నవ్వింది. ఆలోచించుకుని వస్తానని లేచింది. అతను మరలు బిగించి ఇస్తూ, ఆలోచించడానికి ఇందులో ఏముందో నాకైతే తెలియట్లేదని గొణిగాడు. దారిలో కూడా ఆమె చేతికి రెండు డిస్కుల బరువులూ తెలుస్తూనే ఉన్నాయి. ఒకటి రాయిలా, ఒకటి ఏమీ లేనట్టు. తిరిగేది కొంటే ఇంజనీరు కొన్నాళ్ళు ఓర్చుకోవచ్చు, ఓర్చుకోకపోవచ్చు. పల్చటిది కొంటే పని నిలుస్తుంది. పొద్దున పూట?

మర్నాడు మిషను గొణుక్కుంటుండగా సంగతంతా చెల్లెలికి చెప్పింది. నెమ్మది డిస్కు ఒకటుంది, వేగం డిస్కు ఒకటుంది, ఏది తీసుకోమంటావే అని అడిగింది. అడుగుతున్నది డిస్కు గురించి కాదని పిట్టకి అర్థమవుతుందని ఆమె నమ్మకం. అక్కాచెల్లెళ్ళన్నాక ఆ మాత్రం తెలియదా.

"ఇందులో ఆలోచించేదేముందక్కా? అన్నిటికన్నా ఫాస్టుది తీసేసుకో. రోజూ ఈ గోలెందుకు నీకు" అంది పిట్ట, కత్తిపీట మీదనుంచి తల ఎత్తకుండా అన్నట్టు.

ఈ గోల. ఆ మాట దగ్గర ఆమె ఆగిపోయింది. బయట ఎవరో బట్టలు దులుపుతున్నారు. అయితే ఇదంతా చెల్లెలికి గోలన్నమాట. పని చేసుకునేదాన్ని పట్టుకుని, తనకు తోచక, రోజూ... తెర మీద ఇంకా ఒక్క గోడ కూడా రాలేదు. అయినా "తెరుచుకుందే, ఉంటాను" అని పెట్టేసింది. ఆ మధ్యాహ్నమే వెళ్ళి పల్చటి డిస్కు వేయించుకుంది. పాతదాంట్లో ఉన్నవన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించి ఇచ్చాడు షాపతను. పాతది ఉంచుకుంటారా అంటే, వద్దు, నీ దగ్గరే పడెయ్ అంది.

షాపతను చెప్పింది నిజమే. మూత తెరిచి కుర్చీ లాక్కుంటే అన్నీ సిద్ధంగా ఉన్నాయి, తలుపు వెనక నిలబడి వింటున్నవాళ్ళలా. ఫైలు నొక్కితే భవనం మొత్తం ఒక్కసారిగా నిలబడింది. అలవాటు కొద్దీ చెయ్యి ఫోన్ మీదికి పోయింది. పని ఎదురుగా నోరు తెరుచుకుని కూర్చుంది. చెయ్యి వెనక్కి వచ్చేసింది.

ఇంజనీరు సంతోషించాడు. పని ఎక్కువ ఇచ్చాడు. ఎక్కువ పనీ తొందరగానే అయిపోయేది. మధ్యాహ్నం నుంచి గది ఎవరూ దిగని స్టేషనులా పరుచుకుని ఉండేది. ఎండ బల్ల మీదనుంచి నేల మీదికి, నేల మీదనుంచి గోడ మీదికి పాకేది. ఆమె దాన్నే చూస్తూ కూర్చునేది. పక్కవాటా పెద్దాయన వరండాలో ఎదురుపడి, ఎప్పుడొచ్చారు మేడం ఊరినుంచి అని అడిగాడు. చప్పుడు లేకపోతే ఊళ్ళో లేరనుకున్నాడట. నేనెక్కడికీ వెళ్ళలేదండీ అంటే, అలాగా, అలాగా, అని కొంచెం నొచ్చుకుని లోపలికి పోయాడు.

పిట్ట ఫోన్ చేయలేదు. ఎలా చేస్తుంది, కట్టుబాటు కదా అని ఒక పూట అనుకునేది. వేగం డిస్కు వచ్చింది, పీడ విరగడైందని హాయిగా ఉండి ఉంటుందని ఇంకో పూట. తనే చేద్దామా అంటే ఏమని చేయాలి? ఊరికే చేశానే అంటే పిట్ట కంగారు పడుతుంది. వాళ్ళింటావంటా ఊరికే ఎవరూ ఫోన్ చేసి ఎరగరు. ఊరికే వచ్చిన ఫోనంటే ఎవరో ఒకరి ప్రాణం మీదికి వచ్చినట్టే. ఒకరోజు లాప్‌టాప్‌ని పూర్తిగా ఆపేసి, ఫోన్ నంబరు తీసి పట్టుకుని, మీట నొక్కింది. ఇటు వేలు నంబరు మీద ఆనేలోగా అటు మిషను లేచి కూర్చుని, చెప్పండి అన్నట్టు చూసింది. ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వు వినడానికి ఎవరూ లేరు.

చివరికి ఒక పొద్దున, ఫైలు తెరిచి, ఒక ఫ్లాటు పడకగది సగం గీసి, దాన్ని అలా తెర మీద ఉంచే ఫోన్ చేసింది.

"సిస్టం ఆన్ చేశానే. ఎంతకీ తెరుచుకోవడం లేదు" అంది.

అటునుంచి కత్తిపీట చప్పుడు ఆగింది. "ఇంకా మార్చలేదా అక్కా?"

"ఎక్కడే. వెళ్ళాలి."

పుట్టి బుద్ధెరిగాక పిట్ట మాట కోసం వెతుక్కోవడం ఆమె విన్నది అదే మొదలు. తరవాత మెల్లగా, "పోనీలే. తొందరేముంది. నడుస్తోందిగా, నడవనీ" అంది.

మొన్న ఫాస్టుది కొనమన్న నోరే అది. ఆమె కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. కళ్ళజోడు లేకుండా తెర మీది పడకగది నీళ్ళలో పడ్డ బొమ్మలా అయిపోయింది. పిట్ట మాత్రం ఆగలేదు. కొత్త డిస్కు వచ్చి పని ఎక్కువైపోయిందేమో, ఇంక మనతో ఏం మాట్లాడుతుందిలే అనుకున్నానని చెప్పింది. నేనే ఏదో చెత్త సలహా ఇచ్చి చెడగొట్టుకున్నానని మా ఆయనతో కూడా అన్నాను అంది. ఆయనేమన్నాడే అని అడిగితే, ఆయన ఎప్పుడేమన్నాడు గనక, పేపరు అటు తిప్పాడు అంది.

ఇంక నిజం ఎలా చెబుతుంది? ఆ రోజునుంచి లేని నెమ్మదిని ఆమె తనే తయారుచేయడం మొదలుపెట్టింది. ఫైలు తెరిచిపెట్టుకుని, ఇంకా తెరుచుకుంటోందే అంటుంది. ఎప్పుడు తెరుచుకోవాలో ఇప్పుడు ఆమె చేతిలోనే ఉంది. మొదట్లో పాత లెక్క ప్రకారమే ముగించేది. కూరలయ్యాక, రోగాలయ్యాక, మాట కిటికీ వైపు మళ్ళకముందే. అలవాటైన దారిలో నడిచే మనిషి గుంతని తప్పించుకున్నట్టు.

ఒకరోజు మాత్రం రోగాలు కూడా అయిపోయాయి. ఇక వచ్చేది కిటికీయేనని ఇద్దరికీ తెలుసు. తెరుచుకుందే అన్న మాట ఆమె నాలుక చివరికి వచ్చింది. అంటే అయిపోతుంది, ఎవరికీ నొప్పి ఉండదు. తెర మీద గీత చివర చిన్న గుర్తు మినుకుమినుకుమంటూ ఆమె కోసం ఆగి ఉంది. ఆమె అనలేదు. పెదవులు బిగించుకుని, ఏ తిట్టయినా రానీ అని కూర్చుంది.

"అక్కా, ఆ కిటికీ ఉంటే బాగుండేది" అంది పిట్ట.

ఆమె ఫోన్‌ని చెవికి ఇంకాస్త గట్టిగా ఆనించుకుంది.

"డబ్బాలు తీస్తున్నా, పెడుతున్నా. తలెత్తితే గోడ. పొద్దున్నే నీ ఫోను వచ్చినప్పుడు మాత్రం ఆ గోడ కనపడదు."

ఎన్నేళ్ళుగానో ఆమె దాచుకున్న మాటలన్నీ ఉన్నాయి, ఒక్కటీ పనికి రాలేదు. "పొయ్యి కట్టేశావా? ఏదో మాడుతున్నట్టుంది" అంది. ఫోన్లో వాసన తెలుస్తుందా అని పిట్ట నవ్వింది. నవ్వి, లేచి చూస్తే, నిజంగానే మాడుతోంది.

ఫోన్ పెట్టేశాక ఆమె చెల్లెలి ఇంటి ప్లాను తెరిచింది. పాతదాంట్లోనుంచి కొత్తదాంట్లోకి వచ్చినవాటిలో అదీ ఉంది. వంటిల్లు, పొయ్యి, పొయ్యి ఎదురుగా రెండు సన్నటి గీతల మధ్య కిటికీ. మూసేసి మళ్ళీ ఎవరిదో పడకగదిలోకి వెళ్ళింది.

ఇప్పుడు ఆ మెట్లెక్కి వచ్చేవాళ్ళకి ఏ చప్పుడూ వినిపించదు. తలుపు తట్టాకే లోపల మనిషి ఉన్నట్టు తెలుస్తుంది. పొద్దున మాటలు అయిపోయాక ఆ గదిలో పగలు ఇంకా చాలా మిగులుతుంది. పని దాన్ని కొంతే తింటుంది. మిగతాది ఆమె ఎండతో కలిసి కూర్చుని వెళ్ళబుచ్చుతుంది. ఎప్పటికైనా చెల్లెలికి నిజం చెబుతారా అని నేనడిగితే, చెప్పాలి, చెప్పాలి అంటుంది, వేరే ఎవరి సంగతో మాట్లాడుతున్నట్టు. పిట్ట ఇక్కడికి రాదా అంటే, వస్తానంటోంది, వస్తే ఈ మిషను ఎక్కడ దాచాలో తెలియడం లేదు అంటుంది.

ఇదంతా నాకు చెప్పి, సాగనంపడానికి గుమ్మం దాకా వచ్చి, తలుపు రెక్క పట్టుకుని నిలబడి, చివరగా ఆమె అన్నది ఇది:

"ఈ పొద్దున మాటల మధ్యలో పిట్ట అడిగింది, ఎంతవరకూ తెరుచుకుందక్కా అని. సగం అని చెప్పాను."